కాన్పు గదిలో ఒక కుర్చీ

(సొసైటీ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్ చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ గారు ఫోన్ చేసి, "ఆపా, మన ప్రసూతి వార్డుకు ఈ ఏడు ఏం కొనాలో దాతల ముందు మీరే చెప్పండి. నర్సులు చేసే పరిశోధనల గురించి కూడా నాలుగు మాటలు మాట్లాడండి" అన్నారు. పక్కనే ఉన్న మా అబ్బాయి అది విని, "నర్సులు కూడా పరిశోధనలు చేస్తారా అమ్మీ?" అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా వాడి ఎదురుగానే ఆ యూనిఫాం వేసుకుని ఇంట్లోంచి వెళ్లిన మనిషిని నేను. వాడికే తెలియకపోతే మీకు తెలియకపోవడంలో వింతేం లేదు.

చేస్తారు. ఏ మందు పనిచేస్తుంది, ఏ ఆపరేషన్ మేలు అన్నది డాక్టర్లు చూసుకుంటారు. మంచం మీద ఉన్న మనిషికి ఆ ఇరవై నాలుగు గంటల్లో ఏం జరిగింది, ఎవరు ఏ మాట అన్నారు, ఎవరు పలకలేదు, భయం వేసినప్పుడు పక్కన ఎవరున్నారు, వీటివల్ల ఆమె ఆరోగ్యం ఎటు మళ్లింది అన్నది మేం చూస్తాం. చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. నాక్కూడా ఒకప్పుడు అలాగే అనిపించేది. ఎందుకలా అనిపించేదో ముందు చెబుతాను. ఇది నా తప్పు కథ.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఊరు, ఆసుపత్రి పేరు వద్దు. రాత్రి డ్యూటీలో ఇద్దరం నర్సులం, ఒక ఆయా. లేబర్ రూమ్‌లో మూడు బల్లలు, వాటి మధ్య తెర అనేదే లేదు. తొలి కాన్పు అమ్మాయి ఒకతె వచ్చింది, పద్దెనిమిది పంతొమ్మిదేళ్లుంటాయేమో. ఆయా ఆమె బురఖా తీసి తలుపు వెనక మేకుకు తగిలించింది. వాళ్లమ్మను బయటే ఆపేశాం. మగ వార్డుబాయ్ ఆక్సిజన్ సిలిండర్ తోసుకుంటూ ఆ గదిలోంచే వెళ్తున్నాడు. ఈ పిల్ల నొప్పి వచ్చిన ప్రతిసారీ కాళ్ల మీదికి దుప్పటి లాక్కుంటోంది. నేను తీసేస్తున్నాను, ఆమె మళ్లీ లాక్కుంటోంది. "అమ్మీ, అమ్మీ" అని అరుస్తోంది. పక్క బల్ల మీద ఇంకొకామెకు బిడ్డ తల కనిపిస్తోంది. నాకు విసుగెత్తిపోయింది. తొడ మీద ఒక్కటి కొట్టి, మన లేబర్ రూముల్లో ఆడవాళ్లు తరచూ వినే ఆ మాట అన్నాను. ఆ మాట ఈ మైకులో చెప్పను. పరదా అవతల ఉన్నవాళ్లకు తెలుసు.

బిడ్డ క్షేమంగా పుట్టాడు. రిజిస్టర్‌లో రాశాను: సాధారణ కాన్పు, మగబిడ్డ, తల్లీబిడ్డా క్షేమం. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను కొట్టిన దెబ్బ రాయడానికి ఆ రిజిస్టర్‌లో గడి లేదు.

రెండేళ్ల తర్వాత అదే అమ్మాయిని రిక్షాలో తీసుకొచ్చారు. రెండో కాన్పు ఇంట్లోనే అయింది, మావి పడలేదు, చీర మొత్తం రక్తం. బతికింది, అల్‌హమ్దులిల్లాహ్. రక్తం దొరికింది కాబట్టి బతికింది. తెల్లవారాక వాళ్లమ్మను పట్టుకుని కోప్పడ్డాను, "ఇంత దగ్గర్లో ఆసుపత్రి పెట్టుకుని ఇంట్లో ఎందుకు కన్నారమ్మా?" అని. ఆవిడ నన్ను గుర్తుపట్టిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. "చచ్చినా ఆ గదికి రానంది బేటీ, మేమేం చేసేది" అంది.

పుస్తకంలో పేషెంట్ అనుభవం అనే పాఠం ఎన్నో ఏళ్ల తర్వాత చదివాను. నాకు మాత్రం ఆ పాఠం ఆ పొద్దునే అయిపోయింది. ఆ పిల్ల రాకపోవడానికి దూరం కారణం కాదు, డబ్బు కారణం కాదు, మనవాళ్ల మీద అందరూ తేలిగ్గా వేసేసే చదువులేనితనమూ కాదు. నేను కారణం.

ఇది నా ఒక్కదాని సంగతే అయితే మీ ముందు పెట్టేదాన్ని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, గినీ, నైజీరియా దేశాల్లో పరిశోధకులు లేబర్ రూముల్లోనే కూర్చుని కాన్పులను మొదటి నుంచి చివరి దాకా గమనించారు. 2019లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. గమనించిన 2016 మంది తల్లుల్లో 838 మందికి తిట్లో, దెబ్బలో, వివక్షో ఎదురైంది. అంటే ప్రతి అయిదుగురిలో ఇద్దరికి. కాన్పు దారిని కోసి కుట్లు వేసిన 253 మందిలో 190 మందిని "కోస్తాం అమ్మా, సరేనా" అని అడగనే లేదు. వయసు తక్కువ వాళ్లు, చదువు తక్కువ వాళ్లు ఎక్కువ పడ్డారు. ఇంకో సంగతి కూడా చూశారు. ఈ తిట్లూ దెబ్బలూ కాన్పుకు అరగంట ముందు నుంచి కాన్పయిన పావుగంట దాకా బాగా పెరుగుతాయి. నేను కొట్టింది సరిగ్గా ఆ అరగంటలోనే. ఆ వ్యాసం చదువుతుంటే, నా పేరు లేకుండా నా గురించే రాసినట్టుంది.

వాళ్లు గదిలో కూర్చుని ఎందుకు చూడాల్సి వచ్చిందని అడగొచ్చు. తల్లుల్నే అడిగితే సరిపోదా అని. మీరు ఎప్పుడైనా డిశ్చార్జి అయ్యే బాలింతను "ఎలా చూశారమ్మా?" అని అడిగి చూడండి. నూటికి నూరు మంది "బాగా చూశారు" అంటారు. బిడ్డ చేతిలో ఉంది, బిల్లు కట్టేసింది, అడిగేది తెల్ల కోటు మనిషి, మళ్లీ టీకాలకు ఇక్కడికే రావాలి. ఇంకేమంటుంది? అదే మనిషిని నలభై రోజులయ్యాక వాళ్లింట్లో, అత్తగారు పక్కన లేనప్పుడు, ముస్లిం ఇళ్లల్లో అయితే వాళ్ల భాషలో అడిగితే చాలా మాటలు బయటికొస్తాయి. మన వార్డు వరండాలో పెట్టిన సలహాల పెట్టె సంగతి కూడా ఇంతే. నేను చూసినప్పుడు అందులో ఒక సబ్బు కాగితం ఉంది.

ఇలాంటి లెక్కలు తీయడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మనకు చేతిలో దీపమే గుర్తొస్తుంది. ఆ దీపం కంటే ఆమె లెక్కల పుస్తకం గొప్పది. క్రిమియా యుద్ధం జరుగుతుండగానే ప్రజలు ఇచ్చిన చందాలతో నైటింగేల్ ఫండ్ ఏర్పడింది. ఆ నిధితో లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో 1862లో మంత్రసానులకు శిక్షణ ఇచ్చే ప్రసూతి వార్డు తెరిచారు. ఆ వార్డులో బాలింత జ్వరాలతో తల్లులు చనిపోతుంటే 1867లో దాన్ని మూసేశారు. ఆమె అక్కడితో వదల్లేదు. ఇళ్లల్లో కాన్పులైతే ఎంతమంది పోతున్నారు, ఆసుపత్రుల్లో అయితే ఎంతమంది పోతున్నారు అని లెక్కలు సేకరించి, 1871లో ప్రసూతి ఆసుపత్రుల మీద ఒక పుస్తకం వేసింది. ఇంట్లో కన్నవాళ్ల కంటే ఆసుపత్రిలో కన్నవాళ్లే ఎక్కువగా పోతున్నారని ఆనాటి లెక్కలు చెప్పాయి. దాతల సొమ్ముతో తన పేరు మీద కట్టిన వార్డు గురించి ఆ మనిషి ఆ మాట రాసింది! మన సొసైటీల వార్షిక నివేదికల్లో ఇలాంటి పేజీ నేనింతవరకూ చూడలేదు. పెద్దలు కోప్పడవద్దు.

మనకూ ఒక పేరుంది. మదీనాలో గాయపడినవాళ్లకు సేవ చేసిన రుఫైదా అల్ అస్లమియా గురించి ఇక్కడ చాలామంది వినే ఉంటారు. ఖందక్ యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్‌ను మస్జిద్‌లో ఉన్న ఆమె డేరాకు తీసుకెళ్లమని దైవప్రవక్త (సఅసం) చెప్పారని చరిత్ర గ్రంథాల్లో ఉంది. దానికి ఆయన చెప్పిన కారణం నాకు ఇష్టం: దగ్గరుండి పరామర్శించడానికి వీలుగా ఉంటుందని. వైద్యం చేసే చోటుకూ, మన మనిషి వచ్చి పక్కన కూర్చునే చోటుకూ మధ్య ఆనాడు గోడ లేదు. మేం ఆసుపత్రులు కట్టి ఆ గోడ కట్టాం. "అమ్మీ" అని అరిచిన పిల్లకూ, వరండాలో తస్బీ తిప్పుతూ కూర్చున్న తల్లికీ మధ్య ఉన్న తలుపును నేనే గడియ పెట్టాను.

ఆ తలుపు తెరిస్తే ఏమవుతుందన్న ప్రశ్న మీద చాలా పని జరిగింది. 2017లో కాక్రేన్ సంస్థ ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి చూసింది. 17 దేశాలు, 26 అధ్యయనాలు, 15 వేలకు పైగా తల్లులు. కాన్పంతా పక్కన ఒక మనిషి తోడున్న తల్లులకు మామూలు కాన్పులు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయం సగటున నలభై నిమిషాల వరకు తగ్గింది, కాన్పు గురించి చేదు జ్ఞాపకం మిగిలిన వాళ్లూ తగ్గారు. తోడున్న మనిషి డాక్టర్ కానక్కర్లేదు, నర్సూ కానక్కర్లేదు. నడుము రాయాలి, గుక్కెడు నీళ్లు పట్టాలి, "అయిపోవచ్చింది తల్లీ" అనాలి. మన నానీలు, మంత్రసానులు చేసింది ఇదే. వాళ్ల చేతుల్లో శుభ్రత లేదని, రక్తస్రావం అయితే ఆపలేరని వాళ్లను పక్కన పెట్టాం, అది సరైన పనే. నా అమ్మాయి కథలో చూశారుగా. కానీ వాళ్లతో పాటు ఆ నడుము రాసే చేతిని కూడా బయటికి పంపించేశాం.

మన కేంద్ర ప్రభుత్వం 2016లోనే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తల్లికి ఒక తోడును అనుమతించాలని చెప్పింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థా తల్లి కోరుకున్న తోడు ఉండాలని సిఫారసు చేసింది. మరి ఎందుకు అమలు కాదు? చాలాచోట్ల విన్న కారణం ఒక్కటే: "తెరలు లేవు. ఒకామె తోడు లోపలికి వస్తే పక్కామె పరువు ఏం కావాలి?" నిజమే కదా. అంటే ఇంత పరిశోధనా వచ్చి ఒక గుడ్డ ముక్క దగ్గర ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట. తెర అనగానే అది మన ముస్లిం ఆడవాళ్ల పట్టింపు అనుకుంటారు. నేను ట్యూటర్‌గా ఉన్నప్పుడు కొందరు విద్యార్థినులు కూడా అలాగే అనేవారు. నా సర్వీసులో అన్ని మతాల తల్లులకూ పురుళ్లు పోశాను. కాళ్ల మీదికి దుప్పటి లాక్కోని తల్లిని నేను చూడలేదు.

కాన్పు అయ్యాక సంగతి. మొన్న మన వార్డుకు వెళ్తే, బిడ్డ పుట్టీ పుట్టగానే ఆయా గుడ్డలో చుట్టి బయటికి తీసుకుపోయింది. దాదా గారు అజాన్ ఇవ్వాలి, ఖజూరం రుచి చూపించాలి, ఫొటోలు దిగాలి. బిడ్డ తిరిగి తల్లి దగ్గరికి చేరేసరికి చాలాసేపు పట్టింది. అజాన్ వద్దని ఎవరంటారు? అయితే బిడ్డను తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పి, తెర పక్కగా తండ్రినో దాదానో పిలిచి అజాన్ చెప్పిస్తే ఏం పోయింది? ఆ మొదటి గంటలో బిడ్డ ఒంటికి తల్లి ఒళ్లే వెచ్చదనం, ముర్రుపాలు పట్టేదీ అప్పుడే. ఇక తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దే వద్దు. దాని వల్ల పసిబిడ్డకు అరుదుగానైనా ప్రాణాంతకమైన జబ్బు వస్తుంది.

ఇప్పుడు నేను అసలు అడగాలనుకున్న దానికి వస్తున్నాను.

సెక్రటరీ గారు నాకొక జాబితా ఇచ్చారు. వార్మర్లు రెండు, ఇంకుబేటర్ ఒకటి, ముఖద్వారానికి గ్రానైట్. తక్కువ బరువుతో పుట్టిన పిల్లల కోసం గాజు పెట్టె కొనాలన్న ఆలోచన మంచిదే. కానీ 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం గురించి మీరు వినాలి. మన దేశంలోనూ, ఆఫ్రికాలో నాలుగు దేశాల్లోనూ కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువుతో పుట్టిన 3211 మంది బిడ్డల్ని తీసుకున్నారు. సగం మందిని మామూలుగా వార్మర్‌లోనో ఇంకుబేటర్‌లోనో పెట్టి, కుదుటపడ్డాక తల్లి గుండెల మీదికి ఇచ్చారు. మిగతా సగాన్ని పుట్టిన వెంటనే తల్లి గుండెల మీదికి ఇచ్చి, అవసరమైన చికిత్స అక్కడే చేశారు. కంగారూ సంరక్షణ అంటారే, అది. 28 రోజుల్లో మొదటి గుంపులో నూటికి 15.7 మంది పోతే, రెండో గుంపులో 12 మంది పోయారు. మేలు అంత స్పష్టంగా కనిపించేసరికి అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఇంకా కొందరు బిడ్డల్ని తల్లికి దూరంగా ఉంచడం న్యాయం కాదని.

అది జరగాలంటే పిల్లల ఐసీయూలో తల్లికి చోటుండాలి. ఆ ఆసుపత్రుల్లో బిడ్డ పక్కనే తల్లికి మంచం వేశారు. మన వార్డులో తల్లికి స్టూలు కూడా లేదు. కుట్ల నొప్పితో గోడకు ఆనుకుని నిలబడి, గాజులోంచి బిడ్డను చూసి వెళ్లిపోతున్నారు. వెనక్కి వాలే కుర్చీలు ఎనిమిది, తల్లుల మంచాలు నాలుగు, బల్లకీ బల్లకీ మధ్య పట్టాలున్న తెరలు, నేనడిగేది ఇంతే. ఇంకుబేటర్ కొనొద్దని నేననడం లేదు, మా డాక్టరమ్మ ఒకటి కావాలన్నారు, ఆమె మాటకు నేను అడ్డురాను. గ్రానైట్ ఆగొచ్చు.

ఈ మాట ముందే ఒక హాజీ గారితో అన్నాను. ఆయన ఎంతో మంచివారు, ప్రతి ఏడూ ఇస్తారు. ఆలోచించి, "సరే అమ్మా, కానీ కుర్చీ మీద వాలిదైన్ పేరు ఎలా రాయిస్తాం?" అన్నారు. నవ్వకండి, న్యాయమైన ప్రశ్నే. తల్లిదండ్రుల పేరు మీద సదఖా ఇచ్చేవాళ్లకు ఆ పేరు కళ్లతో చూసుకోవాలని ఉంటుంది. కుర్చీ వెనక చిన్న ఇత్తడి పలక కొట్టిద్దామని చెప్పాను. తెరల మీద మాత్రం వద్దు, వారానికొకసారి ఉతకాలి.

ఇంకొకటి ఉంది, దానికి పలక ఎక్కడా కొట్టలేం. రాత్రి నర్సు. 2014లో యూరప్‌లో తొమ్మిది దేశాలు, 300 ఆసుపత్రులు, నాలుగు లక్షలకు పైగా ఆపరేషన్ పేషెంట్ల లెక్కలు చూస్తే, ఒక నర్సు చేతికింద ఒక్కో పేషెంట్ పెరిగిన కొద్దీ నెలలోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. నేను ఆ పిల్లను కొట్టిన రాత్రి మేం ఇద్దరమే ఉన్నామని చెప్పాను. అది నా తప్పును మాఫీ చేయదు. కానీ మూడో మనిషి ఉంటే ఆ చెయ్యి లేచేది కాదేమో. మన వార్డులో ఇప్పుడు రాత్రిపూట ఒక్కతే ఉంటోంది. ఇంకొక నర్సు జీతం నెలనెలా ఎవరైనా పూచీపడాలి. దీనికి జకాత్ సొమ్ము వాడవచ్చా లేదా అన్నది నాకు తెలిసిన సంగతి కాదు, ఆలిమ్ గార్లను అడగండి. ఇమ్దాద్ ఖాతాలోంచైతే ఇబ్బంది ఉండదనుకుంటాను.

మిడ్‌వైఫ్ చదువు గురించి కూడా ఒక్క నిమిషం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. తల్లీబిడ్డల్ని కాపాడే సిజేరియన్‌కు నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ పదిమందిలో ఎనిమిది మందికి అది అవసరం అంటే ఏ పుస్తకమూ ఒప్పుకోదు. అందుకే తెలంగాణ 2017లో నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశానికంతా మార్గదర్శకాలు ఇచ్చింది, పద్దెనిమిది నెలల శిక్షణ. మామూలు కాన్పును ఓపికగా, మర్యాదగా చేయించడమే వీళ్ల పని. మన స్కాలర్‌షిప్పులన్నీ ఇంజనీరింగ్‌కీ ఫార్మసీకీ వెళ్తున్నాయి. నర్సింగ్ చేస్తానన్న అమ్మాయికి ఇంట్లో "ఆ పనా?" అన్న మాట వినిపిస్తోంది. మగ డాక్టర్ వద్దు, మన ఆడవాళ్లే చూడాలి అంటాం, మన ఆడపిల్లను మాత్రం ఆ చదువుకు పంపం. ఏటా ఇద్దరికి ఫీజు కడదామని సభ ముందు పెడుతున్నాను.

కుర్చీలకు, తెరలకు రెండు షాపుల కొటేషన్లు తెచ్చి సెక్రటరీ గారి టేబుల్ మీద పెట్టాను. కుర్చీ రెక్సిన్‌దే తీసుకోండి, గుడ్డది వద్దు, రక్తం మరకలు పోవు. వచ్చే ఆదివారం జుహర్ తర్వాత వార్డులో ఉంటాను. ఆడవాళ్లెవరైనా వచ్చి లోపల చూడవచ్చు. వరండాలో కూర్చుని ఉన్న తల్లుల్ని, అత్తల్ని పలకరించండి. లోపలికి రానిస్తే వస్తారా అని వాళ్లనే అడగండి.